వెర్నా వేసవి ఇల్లు

మా ఊళ్లో వేసవి వచ్చిందంటే ఎవరి ఇంట్లో వాళ్లు ఉండరు. నది సముద్రంలో కలిసే చోట ఇల్లంటే సెలవులకొచ్చే వాళ్లకు అంత వెర్రి. మేం ఇల్లు తుడిచి, పక్కలు పరిచి, తాళాలు వాళ్ల చేతిలో పెట్టి, పెరట్లో పడవలు పెట్టుకునే కొట్టంలోకి మారతాం. ఆ అద్దె మీదే మాకు చలికాలం గడుస్తుంది.

మా పక్కింటి వెర్నా టోలీ కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఇదే వరస. కిందటి ఆగస్టులో ఆమె మొగుడు ఎర్ల్ ఆ కొట్టంలోనే పోయాడు. ఇంట్లో అతిథులున్నారు మరి. ఆ మనిషికి తన మంచం మీద పోయే రాత కూడా లేకపోయింది.

"ఈసారి ఇల్లు వదలనే. నేను పోతే నా మంచం మీదే పోతాను," అంది వెర్నా వసంతంలో.

"వదలకు. అద్దెకొచ్చే వాళ్లకు ముందే కబురు చెయ్యి. మొహమాటానికి పోతే కడుపైందట వెనకటికి ఎవత్తికో," అన్నాను.

చేస్తేనా? ఎలా చెప్పాలో తెలియలేదట. జూన్‌లో కారిన్ పిల్లలతో సహా కారు దిగింది. పసిపిల్లప్పటి నుంచి ఏటా వేసవికి ఆ ఇంట్లోనే దిగే మనిషి. నేను కంచె పక్కనే ఉన్నాను, వినక చస్తానా.

"ఆంటీ, నేను నడక నేర్చింది ఈ వరండాలోనే కదా. సొంతింటికొచ్చినట్టుంది."

"అవునమ్మా. మరి... ఈ ఏడు నేను కూడా లోపలే ఉందామని..."

"దానికేం ఆంటీ, ఉండండి. చిన్న గదిలో మీకు పక్క వేస్తాను."

వెర్నా నావైపు చూసింది. తన మాట నెగ్గిందో లేదో ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఇల్లు వెర్నాది, పక్క వెర్నాది. పిల్ల చూస్తే మంచిది. ఎవరి మీద విరుచుకుపడాలో తోచలేదు.

మర్నాడు పొద్దున చూద్దును కదా, వెర్నా మళ్లీ కొట్టం గుమ్మంలో కూర్చుని ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఏమే, తరిమేసిందా?"

"ఛ, అలాంటి పిల్ల కాదు. కాఫీ పెట్టుకుందామంటే కప్పులు కనబడలేదు. వాళ్లు రాగానే వేరే అరలోకి సర్దుకున్నారు. తనే తీసిచ్చింది. 'మొహమాటపడకండి ఆంటీ, మీ ఇల్లే అనుకోండి' అంది."

"నువ్వేమన్నావు?"

వెర్నా గుమ్మంలో కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"థాంక్స్ చెప్పాను," అంది.