గేటు బయటి వరుస

మధ్యాహ్నం కంప్యూటర్ పక్క మూత విప్పి, రంగులేసే కుంచెతో లోపల దుమ్ము దులుపుతున్నాను. ఫ్యాను రెక్కలకు అంటుకున్న దుమ్ము వేడికి మాడి ఒక వాసన వేస్తుంది. ఇనుము, పాత గుడ్డ, ఎండ కలిసినట్టు ఉంటుంది. అది ముక్కుకు తగలగానే చేతిలో కుంచె ఆగిపోయింది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో గుడికి పోయే దారి పక్క సందులో స్వరూప దుకాణం పొద్దస్తమానం ఇదే వాసన వేసేది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పేపర్లో ఫోటో పడ్డ మనిషి కాదు. పాత కంప్యూటర్లు విప్పి బాగుచేసేది, పనికొచ్చే సామాను అమ్మేది. నాకంటే పాతికేళ్లు చిన్నది. అరవై దాటాక నాకు చూడటం నేర్పింది ఆమే. గురువు అంటే వయసులో పెద్దవాడే అయి ఉండాలని ఎవరో తీర్మానించారు. ఆ తీర్మానించినవాళ్లు ఎదురైతే నాలుగు మాటలు అడగాలని ఉంది.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు ఎరువుల బస్తాల మీద, మోటారు డబ్బాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పని చేశాను. చెరుకు బండి కాంటా ఎక్కుతుంది, తూకం రాస్తాం, దిగుతుంది, వెనక ఇంకోటి ఎక్కుతుంది. చెరుకు ఆడే క్రషింగ్ సీజనంతా అంతే. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఎక్కని ఆఫీసు మెట్లు లేవు, పెట్టని అర్జీ లేదు. ఏదీ కాలేదు. ఆ కోపంతోనే నిజామాబాద్ వచ్చి కిరాయి ఇంట్లో పడ్డాను. ఒక ఇంటర్నెట్ సెంటర్ ఎత్తేస్తుంటే అక్కడి పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుని, వీడియోలు చూసి దాన్ని వాడటం నేర్చుకున్నాను. అందులో లారీలు నడిపే ఆట ఒకటి దొరికింది. ఆ ఆటలో మనకు కావలసిన రోడ్డును మనమే వేసుకోవచ్చు. ఇళ్లు, చెట్లు, మలుపులు, అన్నీ మన ఇష్టం. ఈ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. బోధన్ రోడ్డు వేయడం మొదలుపెట్టాను.

ఇప్పటి రోడ్డు కాదు. చింతచెట్లు కొట్టేయక ముందటి రోడ్డు. దాని చివర మా ఫ్యాక్టరీ, గేటు, గేటు ముందు చెరుకు బండ్ల వరుస. మీటరు మీటరు కట్టుకుంటూ పోయాను. ఎడ్లకు కూడా నడక పెట్టాను, మెడలూపుతూ వరుసగా గేటు వైపు పోయేటట్టు. అంతా అయ్యాక లారీ ఎక్కి నిజామాబాద్ నుంచి బయలుదేరితే దారంతా బాగానే ఉంది. గేటు కనిపించే మలుపు దగ్గరికి రాగానే బొమ్మ ఎక్కిళ్లు పెట్టింది. బండ్లు నిలిచిపోయి, గెంతి, మళ్లీ నిలిచిపోతాయి. ఇంత కష్టపడి కట్టింది ఆ ఒక్క చోటు కోసం. అదే కనబడదు. తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు మార్చాలన్నారు. ఏ దుకాణానికి పోయినా నా తెల్ల వెంట్రుకలు చూసి, "మనవడికా తాతా?" అంటారు. నాకే అంటే నవ్వుతారు. నవ్వి, అన్నిటికంటే ఖరీదైన డబ్బా తీసి ముందు పెడతారు. మనిషికి ఏం కావాలో అడగకుండా సామాను చూపించేవాణ్ణి వ్యాపారి అని నేననను.

స్వరూప దగ్గరికి అట్లా తిరిగి తిరిగి పోయాను. నేను వీడియోల్లో నేర్చిన పేర్లన్నీ ఏకరువు పెట్టాను. ఏ కార్డుకు ఎంత మెమరీ ఉంది, ఏది దేనికంటే ఎంత వేగం, అన్నీ. ఆమె ఏదో పాత బోర్డు మీది దుమ్ము కుంచెతో దులుపుతూ, తల ఎత్తకుండా విన్నది.

"కార్డు పేర్లు పక్కకు పెట్టు బాపు. నీకు ఏం కనవడాలె?"

"అన్నీ కనవడాలె."

"అన్నీ కనవడేటి కార్డు ఇంకా పుట్టలే. డబ్బాను ఇక్కడికి పట్టుకరా, ముందుగాల సూద్దాం."

దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాను. ఆమె మూత విప్పి మొదట చూసింది కరెంటు అందించే డబ్బాను. దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. "నువ్వు అడిగే పెద్ద కార్డు దీనికి తలిగిస్తే ఇది పొగలిడుస్తది. దీన్ని మార్వాలె. గది మార్చినంక, ప్రాసెసర్ ఎనకవడ్డదని దాన్ని మార్వాలె. ఆఖరికి ఈ డబ్బల నీది అని మిగిలేది దుప్పటే" అన్నది. నాకు ఒళ్లు మండింది. కంటి ఆపరేషన్‌కని పక్కన పెట్టిన డబ్బు ఉందని, అది కూడా ఇందులో వేస్తానని, కన్ను ఒక ఏడు ఆగుతుందని చెప్పాను. నా కుడి కంటికి అప్పటికే శుక్లం ముదిరింది. ఆమె కుంచె కింద పెట్టింది.

"మసక కన్నుతోని ఆ బొమ్మ సూస్తవా? నేను గా కార్డు నీకు అమ్మ. నీకు బుద్ధి పుట్టి ఇంకోకాడ కొంటవో, నీ ఇష్టం."

అమ్మనని చెప్పే దుకాణదారును అప్పుడే మొదటిసారి చూశాను. తిట్టాలో కూర్చోవాలో తెలియక కూర్చున్నాను. ఆమె పద్ధతి అప్పుడు బయటపడింది. ఎవరు కార్డు కోసం వచ్చినా వాళ్ల ఆట వాళ్లతోనే ఆడించి, సెట్టింగ్స్‌లో ఒక్కొక్కటీ తీసేస్తూ పోయేది. తీసేసినప్పుడు మనిషి మొహం చూసేది. ఏది పోతే ఆ మనిషికి కొరత అనిపిస్తుందో దానికి సరిపడా కార్డు ఇచ్చేది. మిగతా వాటికి డబ్బు పెట్టనిచ్చేది కాదు. నా చేత కూడా ఆట పెట్టించి మొదలుపెట్టింది.

"వాన తీస్తున్న బాపు."

"తియ్యి. క్రషింగ్ సీజన్ల వానెక్కడిది?"

"రోడ్డు పక్క గడ్డి?"

"తియ్యి. ఎడ్లు మేసినయి అనుకుంట."

"నీడలు?"

ఇక్కడ ఆగాను. చింతచెట్ల కింద నుంచి పోతుంటే రోడ్డంతా చారలు చారలుగా పడే నీడ. "సగం తియ్యి" అన్నాను. ఆమె సగమే తీసింది.

"లారీ అద్దాలు? అండ్ల ఎనక రోడ్డంతా మళ్ల బొమ్మ గీయాలె. మస్తు బరువు."

"అద్దాలు లేని లారీని నేను కాంటా ఎక్కనిచ్చేటోణ్ణి కాదు."

"సరే, ఉండనీ" అని నవ్వింది. ఆమె ఎక్కువ నవ్వే మనిషి కాదు. నవ్వితే పై పెదవి ఒక పక్కకే లేచేది. ఆ నవ్వు కోసమే తర్వాత్తర్వాత నేను మాటలు వెతుక్కునేవాణ్ణి.

ఇన్ని తీసేసినా, గేటు మలుపు దగ్గర బొమ్మ మళ్లీ ఎక్కిళ్లు పెట్టింది. నేను చూశావా అన్నట్టు ఆమె వైపు తిరిగాను. ఆమె నన్ను చూడటం లేదు. తెరకు మొహం దగ్గర పెట్టి ఆ బండ్ల వరుసనే చూస్తోంది.

"ఈ ఎడ్లన్నీ ఎందుకు నడుస్తున్నయి బాపు?"

"గేటుకు పోతున్నయి."

"లైన్ల ఎడ్లు నడవయి. ఇప్పేస్తరు. నొగ కింద కట్టె పెట్టి బండిని నిలవెడతరు. ఎడ్లు చక్రానికి కట్టేసి ఉంటయి, పండుకోని నెమరేస్తుంటయి. మనుషులు బండి కింద పండుకుంటరు."

"ఇన్నేండ్లు కాంటా కాడ నిలబడ్డోణ్ణి. నాకు చెప్తున్నవా?"

"నువ్వు కాంటా కాడ ఉన్నవు బాపు. నీ ముంగటికి వచ్చిన బండి ఎప్పుడూ కదులుకుంటనే వచ్చె. మా నాయిన బండి లైన్ల ఆఖరుకుండె. నేను సద్ది పట్టుకపోతుంటి. పొద్దుగాల ఏ చెట్టు కాడ ఇచ్చి వస్తినో, పొద్దుమూకంగ పోతే గా చెట్టు కాడనే ఉంటుండె." ఆమె గొంతులో కోపం లేదు. "ఎండకు చెరుకు ఆరి తూకం పోతదని ఒకటే గులుగుతుండె. తూకం రాసేటోని మీద మస్తు మంట ఉండె ఆయనకు. మీసాలోడు అంటుండె. నువ్వేనేమో."

స్వరూపది ఎడపల్లి దిక్కు పల్లె అని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి సంతోషించాల్సింది పోయి, లేచి వైర్లు పీకాను. ఫ్యాక్టరీ ఉన్న రోజుల్లో రైతుకు ఎంత విలువుండేదో నీకేం తెలుసని గట్టిగానే అన్నాను. ఆమె డబ్బాను దుప్పట్లో చుట్టడానికి సాయం పట్టింది. ఆటో దాకా మోసుకొచ్చింది. "పెద్ద కార్డు కొనకు బాపు. కన్ను చేయించుకో" అన్నది. అంతే.

ఇంటికి వచ్చి ఆమె అబద్ధమని రుజువు చేద్దామని కూర్చున్నాను. వరుస చివర నడుస్తున్న బండి ఒక్కటైనా గుర్తు తెచ్చుకోవాలి. ఒక పూటంతా కూర్చున్నాను. గేటు లోపలి నుంచి చూసింది గుర్తొస్తోంది. కాంటా మీదికి ఎక్కుతున్న ఎడ్ల గిట్టల చప్పుడు, బెల్లపు మడ్డి వాసన, బండివాడు కొరడా కర్రతో చక్రం తట్టడం, అన్నీ ఉన్నాయి. గేటు బయట ఏమీ లేదు. నేను డ్యూటీకి పోయింది కాలనీ వైపు చిన్న గేటు నుంచి. వచ్చింది అదే గేటు నుంచి. అన్నేళ్లు పని చేసి, ఆ వరుస చివరి దాకా ఒక్కరోజైనా నడిచి వెళ్లలేదు. నేను కట్టిన ఎడ్లు నడుస్తున్నది రోడ్డు మీద కాదు, నా కాంటా ముందు.

మరునాడు ఎడ్లను విప్పాను. అవును, నిజంగానే ఒక్కొక్క జతనూ కాడి నుంచి విడిపించి, నడక తీసేసి, చక్రాల పక్కన పడుకోబెట్టాను. నొగల కింద కట్టెలు పెట్టాను. కదిలేవి ఆగిపోయేసరికి కంప్యూటర్ మీది బరువు దిగింది. ఎక్కిళ్లు చాలావరకు పోయాయి. మిగిలినదానికి పెద్ద కార్డు అక్కర్లేదు.

దుప్పటి మూటతో మళ్లీ పోతే స్వరూప మూత విప్పింది. ఒకరు వాడి ఇచ్చిన చిన్న కార్డు తీసి, ఫ్యాను విప్పి శుభ్రం చేసి, పాత ఎస్‌ఎంపీఎస్‌కే తగిలించింది. "గిది చాలు. రేపు కొత్త ఆటలు ఆడుత అంటే మాత్రం నన్ను అనకు" అన్నది. ఆట పెట్టి, లారీ ఎక్కి, మలుపు తిరిగాం. బొమ్మ నీళ్లలా సాగింది. ఫ్యాక్టరీ పొగగొట్టం, గేటు, బండ్లు, పడుకున్న ఎడ్లు. ఇన్ని నెలలుగా నేను చూడాలనుకున్న చోటు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అది శుక్లం వల్ల కాదు. ఆమె వరుసను కొస దాకా చూసి అన్నది:

"లైను ఇంత కురచ లేకుండె బాపు."

"ఎంత పొడుగు పెట్టాలె?"

"వాగు మీద బిరిజు దాకా పెట్టు. ఇప్పుడు ఎడ్లు నడుస్తలేవు గద, కార్డు మోస్తది."

బ్రిడ్జి దాకా పెట్టాను. తర్వాత తీరిక దొరికినప్పుడల్లా పోయి చూపించేవాణ్ణి. బండి కింద పరుచుకునేది గోనెసంచి కాదు, వరిగడ్డి అనేది. ఇక్కడ చాయ అమ్మే మరాఠీ ముసలామె ఉండేదనేది. ఆమె చెప్తుంటే నేను కట్టేవాణ్ణి. ఒకసారి స్టీరింగ్ ఆమె చేతికి ఇస్తే, గేటు వైపు పోకుండా వరుస వెంట వెనక్కి పోయి, ఒక బండి పక్కన లారీ ఆపి ఊరికే కూర్చుంది. దుకాణం ముందు ఎవరో చార్జర్ కోసం వచ్చి పిలిచినా పలకలేదు. ఎవరి బండి అని నేను అడగలేదు.

ఆ మధ్య నా కన్ను చేయించుకున్నాను. పట్టీ విప్పాక మొదట ఆమె దుకాణానికే పోయాను. తెలుపు ఇంత తెల్లగా ఉంటుందని మరిచిపోయానంటే, "ఇగ నా దుకాణంల దుమ్ము కూడ కనవడతది నీకు" అన్నది.

పోయిన వానాకాలం స్వరూప చనిపోయింది. కడుపులో గడ్డ అన్నారు. ఎన్నో ఆస్పత్రులు తిప్పారట. నాకు ఎవరూ చెప్పలేదు. నేను పోయేసరికి షట్టర్ మీద కొత్త రంగు వేస్తున్నారు. లోపల ఫోన్ కవర్ల దుకాణం పెడుతున్నారు. ఆమె తమ్ముడు కనబడితే, ఎందుకు చెప్పలేదని రోడ్డు మీదే నిలదీశాను. పాపం అతను తల వంచుకుని, "ఎవరో తెల్వలే బాపు. ఫోన్ల కాంటా బాపు అని ఉండె. పాతసామాను తూకమేసేటాయన అనుకున్న" అన్నాడు. ఎన్నో అర్జీలు రాసినవాణ్ణి, ఎవరి మీద రాయాలో తెలియని సంగతి నాకు అదొక్కటే.

ఫ్యాక్టరీ మూయడం అన్యాయమని ఇప్పటికీ అంటాను. ఆ మాట చచ్చేదాకా అంటాను. కానీ ఎవరైనా ఆ రోజులు బంగారు రోజులు అని మొదలుపెడితే, "అప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారు?" అని అడగడం అలవాటైంది. ఎక్కువసార్లు ఆ ప్రశ్న నన్నే అడుక్కుంటాను. ఏదైనా కొనబోయే ముందు, ఏది తీసేస్తే కొరత అనిపిస్తుందని చూసుకుంటాను. ఆమె లేకపోవడానికి మాత్రం ఏ సెట్టింగూ సర్దుబాటు కాలేదు.

దుమ్ము దులిపి మూత బిగించాక ఆట పెట్టాను. ఇప్పుడు నేను నిజామాబాద్ నుంచి బయలుదేరను. బ్రిడ్జి దగ్గర, వరుసలో ఆఖరి బండి వెనకాల లారీ పెట్టుకుంటాను. ఇంజన్ ఆపేస్తాను. ఎదుట బండి కదలదు. బండి కింద గడ్డి మీద ఒక మనిషి కాళ్లు మాత్రం కనిపిస్తుంటాయి. గేటు ఇక్కణ్ణుంచి కనబడదు. చాలాసేపు అట్లాగే కూర్చుంటాను. హారన్ కొట్టను.