నిద్రపోయి చూసి కొన్న కిటికీ

ఆ శనివారం పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకి మా ఆవిడ నిద్ర లేచింది. లేచిందనడం కంటే లేపారనడం సబబు. మదీనాగూడలో మా ఫ్లాట్ ముందు నుంచి వెళ్ళే ముంబై హైవే మీద ఒక లారీ, దాని ముందున్న ఆటోని తప్పుకోమని హారన్ కొట్టింది. ఆటో తప్పుకోలేదు. లారీ మళ్ళీ కొట్టింది. రెండో హారన్‌కి మా ఆవిడ హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చుని, కళ్ళు తెరవకుండానే, "ఇంకో నెల చూస్తానండీ. తర్వాత డే షిఫ్ట్ అడిగేస్తాను" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

ఆ రోజుల్లో మాకు పెళ్ళై ఇంకా ఏడాది కాలేదు. ఇద్దరివీ హైటెక్ సిటీలోనే ఉద్యోగాలు. నాది పగలు, ఆవిడది రాత్రి. అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసే టీముకి ఆవిడ అప్పుడే లీడ్ అయింది, రాత్రి షిఫ్ట్ వదిలితే అదీ వదులుకోవాలి. ఆవిడకి ఆ పని చాలా ఇష్టం. పొద్దున క్యాబ్ దిగి వచ్చి, రాత్రి ఎవరు ఏం తప్పు చేశారో, దాన్ని తను ఎలా సరిదిద్దిందో చెప్పేది. నేను ఆఫీసుకి తయారవుతూ వినేవాణ్ణి. మా కాపురం ఎక్కువగా ఆ ముప్పావుగంటలోనే జరిగేది. ఫ్లాట్ అప్పు చేసి కొన్నాం. కొనేటప్పుడు బ్రోకర్ "రోడ్ ఫేసింగ్ సార్" అని, కిటికీ తీస్తే సముద్రం కనపడుతుందన్నట్టు చెప్పాడు. మేమూ అలాగే విన్నాం. పడకగదికి ఉన్నది ఒకటే కిటికీ, పక్కకి జరిపే పాత అల్యూమినియం రకం. లారీ ఇంకా దూరంగా ఉండగానే దాని అద్దాలు అదరడం మొదలుపెట్టేవి.

రెండు అద్దాల కిటికీలుంటాయనీ, అద్దానికీ అద్దానికీ మధ్య ఖాళీ వదిలి మూసేస్తారనీ, అవి పెడితే రోడ్డు మోత చాలా వరకు తగ్గుతుందనీ ఆఫీసులో ఎవరో చెప్పారు. ఒక కంపెనీకి ఫోన్ చేసి రమ్మనేవాణ్ణే. కానీ ఆ వారమే మా మామగారు కాకినాడ నుంచి వచ్చారు. ఆయన ప్రభుత్వ ఆఫీసులో కొనుగోళ్ళ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. "అల్లుడుగారూ, మూడు కొటేషన్లు లేకుండా గుండుసూది కూడా కొనకూడదు" అన్నారు. (ఆ మూడూ చాలాసార్లు ఒకే కొట్టువాడు మూడు లెటర్‌హెడ్ల మీద రాసిచ్చేవాడని తర్వాత ఆయనే చెప్పారు. "అయినా మూడు మూడే" అన్నారు.) దీంట్లో ఒక చిక్కుంది. కొలతలు తీసుకునేవాళ్ళు పగలే వస్తారు, ఆదివారం రారు. నేను ఇంట్లో ఉండేది శనివారం. శుక్రవారం రాత్రి పనిచేసి వచ్చిన మనిషి నిద్రపోయేదీ శనివారమే, కొలవాల్సిన కిటికీ ఉన్నదీ ఆ గదిలోనే. అంటే నిద్ర కోసం కొనే కిటికీకి ధర తెలియాలంటే ముందు ఆ నిద్ర పాడుచెయ్యాలి.

మొదటి ఆయన టై కట్టుకుని, చేతిలో టాబ్లెట్‌తో వచ్చాడు. కాళ్ళ వేళ్ళ మీద నడిచి వెళ్ళి కొలతలు తీసుకున్నాడు. ఆ మాత్రం మర్యాదస్థుడే. తర్వాత హాల్లో కూర్చుని ఒక అంకె చూపించాడు. ఆ అంకెకి మా పార్కింగ్‌లో ఉన్న కార్లలో ఒకటి, కొంచెం పాతది, వచ్చేస్తుంది. నాకేమనాలో తెలియలేదు. బేరమాడటం నాకు చేతకాదు, ఇప్పటికీ చేతకాదు. నేను మాట్లాడకపోయేసరికి ఆయన "మేనేజర్‌తో మాట్లాడతాను సార్" అని బాల్కనీలోకి వెళ్ళి వచ్చి కొంత తగ్గించాడు. నేను ఇంకా మాటల కోసం వెతుక్కుంటున్నాను. ఇంకొంచెం తగ్గించాడు. "ఈ ఆఫర్ సాయంత్రం వరకే సార్" అన్నాడు. మంచినీళ్ళు తాగి మళ్ళీ తగ్గించాడు. నా బేలతనాన్ని ఆయన మొండితనం అనుకున్నాడని నాకు చాలాసేపటికి అర్థమైంది. ఆయన వెళ్ళాక మామగారు, "ఊరికే కూర్చుంటే సగానికి దిగిన ధర అసలు ధరే కాదు. మరి ముందు అంత ఎందుకు చెప్పాడంటారు?" అని హాలంతా ఒకసారి చూశారు. "మీ సోఫాని చూసి. ఆ టీవీని చూసి. మనిషినీ ఇంటినీ చూసి రేటు కడతారండీ వీళ్ళు" అన్నారు.

కాబట్టి తర్వాతి శనివారం, రెండో ఆయన రాకముందే, ఇంట్లో విలువైనవన్నీ కనపడకుండా చెయ్యాలని తీర్మానించారు. టీవీ గోడ నుంచి దింపాం. సోఫా చెరో చివరా పట్టుకున్నాం. పెళ్ళికి వచ్చిన మిక్సీ, ఓవెన్, ఇత్తడి దీపపు కుందులు, ఒక ఎయిర్ కూలర్. హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక క్యాలెండర్ మిగిలాయి. మామగారు చేతులు దులుపుకుని, "ఇప్పుడు చెప్పమనండి రేటు" అన్నారు. సామానంతా ఎక్కడ పెట్టామంటే, ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదు కనుక, మా ఆవిడ నిద్రపోతున్న పడకగదిలో పెట్టాం. చప్పుడు కాకుండా పెట్టామని ఇద్దరం ఒకర్నొకరు మెచ్చుకున్నాం కూడా. ఆ వచ్చే మనిషి చూడబోయేది ఆ ఒక్క గదినేనని, కాలింగ్ బెల్ మోగేదాకా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

రెండో ఆయన చేతిలో ఒక చెక్కపెట్టె ఉంది. దానికి ఒక పక్క కొత్తరకం కిటికీ ముక్క మూతలా బిగించి ఉంది, లోపల బ్యాటరీతో మోగే బజర్ ఉంది. (మేం ఆయన్ని ఆ తర్వాత ఎప్పుడూ బజర్ ఆయన అనే అన్నాం.) మామగారు గుమ్మంలోనే, "మూడో కొటేషన్ కూడా మీరే తెస్తారా?" అని అడిగారు. ఆయనకి అర్థం కాలేదు. నేను పడకగది తలుపు తీశాను. నిలబెట్టిన సోఫా, దుప్పటి కప్పిన టీవీ, కుందులు, వాటన్నిటి మధ్య మంచం మీద ముఖం మీదికి దిండు లాక్కుని మా ఆవిడ. బజర్ ఆయన చాలాసేపు చూసి గొంతు తగ్గించి, "ఇల్లు ఖాళీ చేస్తున్నరా సార్?" అన్నాడు.

"లేదు," అన్నారు మామగారు. "మేం ఇలాగే ఉంటాం."

ఆయన కూలర్ మీంచి వంగి, సోఫా వెనక చెయ్యి దూర్చి, ఎలాగో కొలిచాడు. అడుగుకి ఇంత అని ఒక కాగితం మీద రాసి మామగారికిచ్చాడు. అది మొదటి ఆయన చివరి ధర కన్నా తక్కువే. అక్కడితో హాల్లోకి వచ్చేస్తే సరిపోయేది. "పనితనం కూడ చూడుండ్రి సార్, జర గీ బటన్ ఒత్తుత" అని, మేం చేతులూపుతుండగానే, అలవాటు కొద్దీ ఒత్తేశాడు. మూత తెరిచే ఉంది.

మా ఆవిడ లేచి కూర్చుంది. బజర్ ఆయన గబగబా మూత వేశాడు. చప్పుడు నిజంగానే ఎక్కడికో పోయింది. ఆవిడ ఆ పెట్టెని చూసింది, సోఫాని చూసింది, కుందుల్ని చూసింది, నన్నూ వాళ్ళ నాన్ననీ చూసింది. ఏమిటివన్నీ అని అడగలేదు. "బాగానే ఆగింది," అంది పెట్టెకేసి చూస్తూ. "కానీ నేను పెట్టెలో పడుకోను కదండీ. ఈ రోడ్డు మీద ఇంకెవరికైనా పెట్టారా?"

"పెట్టిన మేడమ్. ముందట పెట్రోల్ బంక్ దాటినంక ఒక పెద్దమ్మ ఇల్లుంది."

"వాళ్ళింట్లో నేనొకసారి పడుకుని చూడొచ్చా?"

"అమ్మాయ్!" అన్నారు మామగారు.

"చీర కొంటే మీద వేసుకుని చూస్తాం కదా నాన్నా. నిద్ర కొంటుంటే పడుకుని చూడొద్దా?" అని దిండు చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

ఆ పెద్దమ్మది మదీనాగూడే సొంతూరు. పొలాలుండగా వాళ్ళ ఇల్లు పొలాల మధ్య ఉండేదట. ఇప్పుడు హైవే వాకిట్లోకి వచ్చింది, కింద మూడు షాపులు కిరాయికిచ్చి మేడ మీద ఉంటోంది. బజర్ ఆయన సంగతి చెప్పగానే ఆమె నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. మా ఆవిడ ముఖంకేసి చూసి, "ఎన్ని దినాలాయె బిడ్డా కంటినిండ పండుకోక? పో, గా అర్రల పండుకో. నిద్రకేమన్న పైసలైతయా" అంది. మా ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మేం హాల్లో కూర్చుని గుసగుసలు మొదలుపెట్టాం. "ఏంది గట్ల మాట్లాడ్తున్నరు, ఎవలన్న సచ్చిన్రా? లోపలికి ఇనవడదు, ఫికర్ చెయ్యకుండ్రి" అని పెద్దమ్మ మామూలు గొంతుతోనే అంది. అది చాలా పెద్ద గొంతు. ఆ కిటికీ ఎందుకు పెట్టించారని మామగారు అడిగితే, "లారీల మోతకు సీరియల్ ఇనవడకపోతుండె" అంది. టీవీ మా ఆవిడ పడుకున్న గదిలోనే ఉందని, ఆ సీరియల్ వచ్చేది సరిగ్గా ఆ వేళకేనని మాకు అప్పుడు తెలిసింది. నేను లేవబోయాను. "కూసో అల్లుడా. ఇయాల గా అత్తను ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టేదుండె. పోనీ, సోమారం తెలుస్తది" అని, మాకు జొన్నరొట్టెలు, టమాటా పచ్చడి పెట్టింది.

తింటూ మామగారు, ఏదో వాతావరణం గురించి అడిగినట్టు, "అడుగు లెక్క ఎంత తీసుకున్నాడమ్మా?" అన్నారు. ఆమె దాచుకోలేదు. మాకు కాగితం మీద రాసిచ్చిన దానికన్నా అది పావువంతు తక్కువ. మామగారు కాగితం తీసి బల్ల మీద పెట్టారు. బజర్ ఆయన రొట్టె నమలడం ఆపాడు.

"పెద్దమ్మది పాత రేటు సార్. రెండేండ్లాయె."

"ఏందిరో రెండేండ్లు? మొన్న దసరాకు పెడ్తివి. గప్పుడే మర్సినవా?"

ఆయన చేతిలో రొట్టె ప్లేటులో పెట్టేశాడు. తర్వాత, "సరే సార్. గదే రేటిస్త. కని నాదొక మాట. ఇంకెవలన్న గిట్ల చూస్తమంటే మీ ఇంటికి తోలుకొస్త. పెద్దమ్మ సీరియల్ టైముల మల్ల రానియ్యది" అన్నాడు. మామగారు సరేనన్నారు. పెద్దమ్మ చెప్పిన ధరని మూడో కొటేషన్ కింద లెక్కేసుకున్నానని ఇంటికొచ్చాక నాతో అన్నారు, నియమం తప్పలేదని తృప్తిగా. కానీ ఇంటికి రావడానికి చాలాసేపు పట్టింది. మా ఆవిడ లేవలేదు. వెయిట్ చేసి చేసి మామగారు కుర్చీలోనే నిద్రపోయారు, లారీల మోతలోనే. పొద్దు వాలాక తలుపు తెరుచుకుంది. ఆవిడ చెంప మీద దిండు మడత అచ్చుపడి ఉంది. "పెట్టించేద్దామండీ," అంది. పెళ్ళయ్యాక ఆవిడ ముఖం అంత తేటగా నేను చూడటం అదే మొదటిసారి.

కిటికీ పెట్టించాం. ఆ నెల గడిచింది, ఇంకా చాలా నెలలు గడిచాయి, ఆవిడ డే షిఫ్ట్ మాట ఎత్తలేదు. లీడ్‌గా ఉండి ఆ పైకీ వెళ్ళింది. బజర్ ఆయన తన మాట ప్రకారం, ఆదివారం మధ్యాహ్నాలు మనుషుల్ని తీసుకొచ్చేవాడు. మా ఆవిడ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, చెప్పులు బయట విప్పించి, వాళ్ళని లోపలికి పంపి తలుపు వేసేది. మొదట్లో అందరూ సిగ్గుపడేవాళ్ళు. ఒక కొండాపూర్ ఆయన పడుకున్న రెండు నిమిషాలకే గురకపెట్టాడు. ఆయన భార్య హాల్లో కూర్చుని, "కిటికీ సరేనండీ, ఈ మోతకి కూడా ఏదైనా ఉంటుందా?" అని బజర్ ఆయన్ని అడిగింది. ఖాజాగూడ నుంచి ఒక జంట పసిపిల్లతో వచ్చి, ముగ్గురూ చీకటిపడేదాకా లేవలేదు. మా ఆవిడ వాళ్ళకి ఉప్మా చేసి పెట్టింది. లేచిన ప్రతివాళ్ళకీ టీ ఇచ్చి, మేమెంతకి కొన్నామో వాళ్ళు అడిగినా అడక్కపోయినా చెప్పేది. అది బజర్ ఆయనకి తెలుసు. ఒకసారి, "మేడమ్ జెయ్యవట్టి అందరికి ఒక్కటే రేటు చెప్పుడు అలవాటైంది సార్. నాకు గూడ పరేషాన్ తక్కువైంది" అన్నాడు.

ఇదంతా రాస్తుంటే, సోఫా ఒక చివర పట్టుకుని మామగారు ఎటు నడవమంటే అటు నడిచిన ఆ కుర్రాణ్ణి చూసి నవ్వొస్తోంది. వాడికి ధరలు తెలియవు, బేరం తెలియదు, సామాను ఎక్కడ దాచాలో కూడా తెలియదు. ఆ గదిలో ఒక మనిషి నిద్రపోతోందని, ఆమెని లేపకూడదని మాత్రం తెలుసు. వాడి రోజంతా ఆ ఒక్క సంగతి చుట్టూ సాగిపోయేది.

మా ఆవిడ పోయి ఇది రెండో వేసవి. మామగారు ఫోన్ చేస్తుంటారు. కాకినాడలో ఎంత, ఇక్కడ ఎంత అని ఇద్దరం కూరగాయల ధరలు మాట్లాడుకుని పెట్టేస్తాం. ఆ మధ్య బజర్ ఆయన వచ్చాడు. మధ్యలో చాలాకాలం సొంతూరెళ్ళిపోయాడట, ఆయనకేమీ తెలియదు. గుమ్మంలో నిలబడి, "మేడమ్ పండుకున్నరా సార్?" అని మెల్లగా అడిగాడు. చెప్పాను. కూర్చున్నాడు, టీ తాగాడు, ఉన్నంతసేపూ అదే మెల్లటి గొంతుతో మాట్లాడాడు. ఎవరో కొత్తవాళ్ళు కిటికీ చూడాలంటున్నారని వచ్చాడట. ఆ సంగతి వెళ్ళేటప్పుడు చెప్పాడు, తీసుకొస్తానని మాత్రం అనలేదు. నేనూ తీసుకురమ్మనలేదు.

ఆ గదిలో ఇప్పుడు పగలు ఎవరూ పడుకోరు.