గార్డెన్ రీచ్ చర్చిలో రెండో గడియారం

పలాసలో నేను బండెక్కింది శుక్రవారం సాయంత్రం ఏడు నలభైకి. రావలసింది ఏడింటికి. ఆ నలభై నిమిషాలూ ప్లాట్‌ఫారం మీద నా ట్రంకుపెట్టె మీదే కూర్చున్నాను. కలకత్తా వెళ్లేవాళ్లకు నా మొదటి సలహా, కూర్చుంటే సొట్టపడని పెట్టె తీసుకెళ్లండి.

నేను వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, పోట్లాడ్డానికి. మా చెల్లెలు కరుణ, మరిది, ఇద్దరూ టాంజానియాలో మిషనరీలు. ఆరేళ్ల కిందట వాళ్లను పంపింది కలకత్తా గార్డెన్ రీచ్‌లోని తెలుగువాళ్ల చర్చి. అంతా రేవులో పనిచేసే కుటుంబాలు, శ్రీకాకుళం వైపువాళ్లే ఎక్కువ. మరిది ఎనిమిది నెలల కిందట టాంజానియాలోనే జ్వరంతో పోయాడు. కరుణ ఒక్కతే ఆడపిల్లల బడి నడుపుతోంది, ఉంటానంటోంది. ఆమెను ఉంచాలో వెనక్కి పిలవాలో, పంపిన చర్చి సంఘమే నెలాఖరులోగా రాసి చెప్పాలట. పిలిపించమని అడగడానికి నేను బయల్దేరాను. నా సంచిలో కరుణ ఉత్తరం ఉంది. అందులో ఒక్క పేరా చదివితే ఎంత గట్టివాళ్లయినా కరిగిపోతారని నా ధైర్యం.

ఎదురు సీట్లో హౌరా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉండే ఒకావిడ. బరంపురం దాటాక నాకు పులిహోర పెట్టింది.

“కలకత్తాలో ఏటి సూస్తారమ్మా?”

“చర్చి.”

“మరింకేటి?”

“ఇంకేం లేదు.”

ఆవిడ నన్ను జాలిగా చూసి ఇంకాస్త పులిహోర వేసింది.

శనివారం ఉదయం ఎనిమిదింబావుకు హౌరా. వంతెన మీద బస్సులకంటే స్టేషన్ ఎదురుగా ఉండే లాంచీ మేలు. పావుగంటలో నది దాటిస్తుంది, టికెట్టు టీ కంటే చవక. అవతల దిగి గార్డెన్ రీచ్ బస్సెక్కాను. పది నిమిషాలు పోయామో లేదో ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు, కండక్టరు బీడీ వెలిగించాడు. “ఎంతసేపు దాదా?” అని హిందీలో అడిగితే “అది అయ్యేదాకా” అన్నాడు. నలభై నిమిషాలకు అయింది.

నా బస దానమ్మగారింట్లో. ఆవిడకు డెబ్బై దాటాయి. భర్త రేవులో పనిచేసి పోయాడు, కొడుకు ఇప్పుడు అదే రేవులో ఉన్నాడు. టెక్కలి వదిలి యాభై ఏళ్లయినా ఆవిడ మాట మాత్రం టెక్కలి వదల్లేదు. మధ్యాహ్నం వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, పక్కనున్న పాలపొడి డబ్బాలో వేశారు.

“ఇది మీ సెల్లిది” అన్నారు.

అక్కడ ఇంటింటికీ అలాంటి డబ్బా ఉంది. వండిన పూటల్లా ఒక పిడికెడు. ఆదివారం చర్చికి తెచ్చి కుమ్మరిస్తారు, అది అమ్మగా వచ్చిన డబ్బే టాంజానియాకు వెళ్తుంది. ఆ డబ్బా చూసి నాకు ఒళ్లు మండింది. ఇలాంటివాళ్లతో ఎలా పోట్లాడడం?

ఆదివారం ఎనిమిదింటికి ఆరాధన. రేకుల కప్పు, పసుపు గోడలు. బల్ల వెనక గోడ మీద రెండు గడియారాలు. ఒకదాని కింద ‘కలకత్తా’ అనీ, రెండోదాని కింద ‘కరుణమ్మ’ అనీ రంగుతో రాసి ఉంది. కరుణ వెళ్లిన కొత్తలో రాసిందట, ఆదివారం సాయంత్రం ఆరింటికి నేను ప్రార్థనకు కూర్చుంటాను, అదే వేళకు మీరూ కూర్చోండి అని. అందుకని ఆ రెండోది కొన్నారు. అందులో ఆరు కొట్టేసరికి అందరూ వచ్చి కూర్చుంటారు. కలకత్తాలో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. ఆరేళ్లలో ఒక్క ఆదివారమూ తప్పలేదు. మే నెలలో ఆ రేకుల కింద ఎలా ఉంటుందో దానమ్మగారే చెప్పారు.

“సెమటకి తడిసిపోతాం. అలాగని ఆయమ్మ అక్కడ కూకుంటే మనం తొంగుంటామా?”

నేను ముప్పై ఏళ్లు భూగోళం చెప్పిన మనిషిని. పాస్టరుగారి ప్రసంగం ఒక్క ముక్క వినలేదు, ఆ గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. అది రెండున్నర గంటలు ముందుంది. టాంజానియా మనకు పడమర, వెనకుండాలి.

ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. సంఘపెద్ద ఆనందరావుగారు రేవు గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల టైము రాసే ఉద్యోగి. నన్ను మాట్లాడమన్నారు. చెల్లెలి సంగతి మాట్లాడదామని లేచి, అలవాటు కొద్దీ గడియారంతో మొదలుపెట్టాను.

“మీ గడియారం తప్పు. కరుణకు ఆరయ్యేసరికి మీకు రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకు మీలో ఒక్కరూ ఇక్కడ లేరు.”

ఆనందరావుగారు ఆ గడియారం వైపు చూశారు.

“రెండున్నర గంటలు తేడా అని ఓడ మనిషి సెప్పాడండి. ముందో ఎనకో మేం అడగలేదు. మా తాతలు రంగూను ఎల్లినోళ్లు. అక్కడ మనకంటే ముందే తెల్లారిపోద్దని ఇంట్లో సెప్పుకునీవోరు. పైదేశమంటే ముందే ఉంటాదనుకున్నాం.”

ముందు వరుసలో ఆడవాళ్లు తలలు దించుకున్నారు. నాకు సిగ్గేసింది. అయినా వచ్చిన పని వచ్చిన పనే. ఉత్తరం తీసి చదివాను.

“మిగతా రోజులు పిల్లలతో కలిసి తింటాను. ఆదివారం వాళ్లు ఇళ్లకు పోతారు. ఒంటిగంటకు కంచం ముందు ఒక్కదాన్నే కూర్చుంటాను. ఆయన పోయాక వారం మొత్తంలో నాకు భయం వేసేది ఆ ఒక్క గంటే అక్కా. ఇవాళ ముద్ద దిగదనుకుంటాను. ఎలాగో దిగుతోంది.”

నేననుకున్నట్టే కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఇక కరుణ వచ్చేసినట్టే అనుకున్నాను.

దానమ్మగారు కూర్చున్నచోటు నుంచే అడిగారు. “టీచరమ్మా, ఆయమ్మకి ఒంటిగంటంటే మనకెంత?”

లెక్క వేయడానికి నాకెంతోసేపు పట్టదు. చెప్పడానికి మాత్రం కాస్త పట్టింది.

“మూడున్నర.”

దానమ్మగారు పైటకొంగుతో మొహం తుడుచుకున్నారు.

“మరైతే సరిగ్గానే కూకున్నాం కదమ్మా” అన్నారు.

నా దగ్గర ఇంకో పేరా లేదు. ఆనందరావుగారు కాగితం, కలం ముందు పెట్టుకుని, “మీరు తోడబుట్టినోరు. మీరేటంటారు?” అని అడిగారు. నా చెల్లెల్ని ఒంటరిగా వదిలేశారని అనడానికి అంత దూరం వెళ్లాను. వాళ్లు వదల్లేదు. ఉండనివ్వండి అన్నాను. అని, అందరి ముందూ ఏడ్చాను.

గడియారం అప్పుడే దించి ముల్లు సరిచేశారు. మూడున్నర ప్రార్థన మాత్రం మార్చలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంకోటి చేర్చారు. అది కరెంటు పోయే వేళ అని ఎవరో అంటే, ప్రార్థనకి కరెంటెందుకని దానమ్మగారు అడిగారు. తీర్మానం అయిపోయింది.

తిరుగు బండి మధ్యాహ్నం రెండుంబావుకు. దానమ్మగారు అన్నం, చేపల పులుసు డబ్బాలో కట్టిచ్చారు. బస్సు, లాంచీ, హౌరా, ఈసారి ఊరేగింపు లేదు. కిటికీ పక్క సీటు దొరికింది. కలకత్తాలో చూడవలసినవి చాలా ఉన్నాయంటారు, వెళ్లేవాళ్లు అవి కూడా చూసి రండి. నేను చూసింది రెండు గడియారాలు, ఒక బియ్యం డబ్బా.

పక్కనున్న బెంగాలీ ఆయన బండి కదలగానే భోంచేసి, నా ఒళ్లో డబ్బా వైపు చూశాడు.

“తినరా దీదీ? చల్లారిపోతుంది.”

“ఇంకా టైము కాలేదు” అన్నాను.

ఆయన తన వాచీ చూసుకున్నాడు. నేను నా వాచీ చూస్తూ కూర్చున్నాను. మూడున్నరకు మూత తీసి, పులుసు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దిగింది.