వియ్యంకులు వెనక్కి జరిగాక లేచిన అల

ఈ ప్రయాణానికి కారణం ఒక పడవ, దాన్ని అమ్మేస్తానని పట్టుబట్టిన మా మేనమామ. హుస్నాబాద్‌లో రైసుమిల్లు నడిపే మామ కొడుకు రఘు నిరుడు ఒక చిన్న పాత మోటారు పడవ కొన్నాడు. కొనమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేనే. గోవాలో వేక్‌బోర్డింగ్ నేర్చుకుని వచ్చిన వేడి మీదున్నాను మరి. పాదాలకు పలక బిగించుకుని, తాడు పట్టుకుని, పడవ లాగుతుంటే నీళ్ల మీద జారుతూ పోవడమే వేక్‌బోర్డింగ్. పడవ వెనక నీళ్లు రెండు గట్లుగా లేస్తాయి. ఒక గట్టు మీంచి ఎగిరి రెండో గట్టు అవతల దిగడంలోనే అసలు మజా. రఘు పడవ వెనక మాత్రం ఆ గట్లు పశువులు తొక్కిన పొలం ఒడ్డుల్లా ఉండేవి. మూడుసార్లు వెళ్లాను, ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదు.

మిల్లులో తలవంచుకుని పనిచేసుకునే రఘు పడవ ఎక్కితే వేరే మనిషైపోతాడు. మంచిర్యాల దగ్గర పిల్లలకు ఈ ఆట నేర్పాలన్నది వాడి కల. మామకేమో అది ఇంట్లో పెరుగుతున్న తెల్ల ఏనుగు. నాందేడ్ నుంచి కొనేవాళ్లు కూడా దొరికారు. చివరికి ఒక మాట అన్నాడు: ఆదివారం తనే వచ్చి కళ్లారా చూస్తాడట, మనిషి ఎగిరితే పడవ ఉంటుందట, ఎగరకపోతే సోమవారం బండెక్కుతుందట. ఆ ఎగరాల్సిన మనిషిని నేను. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదంటే నమ్మండి.

రఘు ముందురోజే పడవను బండికి తగిలించుకుని మంచిర్యాల చేరాడు. మామ ఆదివారం పొద్దున్నే హుస్నాబాద్‌లో అద్దె కారెక్కి, ఆరింటికల్లా కరీంనగర్‌లో మా ఇంటి ముందు హారను కొట్టించాడు. కారుకు డీజిల్‌తో కలిపి మూడున్నర వేలు. బస్సులో వెళ్లాలనుకునేవాళ్లకు కరీంనగర్ నుంచి మంచిర్యాలకు బస్సులు బాగానే ఉంటాయి, హైదరాబాద్ నుంచైతే రైలు హాయి. పెద్దపల్లిలో ఆగి ఇడ్లీ తిన్నాం. పల్లి చట్నీలో వెల్లుల్లి ఘాటు ముక్కులకెక్కింది, అయినా మామ మూడుసార్లు వేయించుకున్నాడు. గోదావరిఖని దాటి వంతెన మీదికి వచ్చేసరికి నది మీద పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు.

శ్రీరాంపూర్‌లో ఓదెలు గారిని ఎక్కించుకున్నాం. రఘు అక్కకు మామగారాయన, అంటే మా మామకు వియ్యంకుడు. గనిలో పనిచేసి రిటైరయ్యాడు. పడవ సంగతి తేల్చేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి ఉండాలని మామ పిలిచాడు. అక్కడే మాకు పది నిమిషాలు పోయాయి. ముందు సీటు మీది అని మామ దిగాడు, అయ్యో మీరుండగా నేనా అని ఓదెలు గారు వెనక తలుపు పట్టుకున్నాడు. బొగ్గు లారీలు వెనక హారన్లు మోగిస్తున్నా ఇద్దరూ కదల్లేదు. డ్రైవర్ యూసుఫ్ స్టీరింగ్ మీద గడ్డం ఆనించి, "ఇద్దరిని ముందట కూసోవెడితే నేనేడ కూసోవాలె సార్?" అన్నాడు. చివరికి ఓదెలు గారే ముందు కూర్చున్నాడు. నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు మధ్యాహ్నానికి నాకే తిరిగొస్తుందని అప్పుడు తెలియదు.

మంచిర్యాల దాటాక ఆనకట్ట వెనక గోదావరి నీళ్లు విశాలంగా పరుచుకున్న చోట, అనుమతి తీసుకుని, రఘు పడవను దించి పెట్టాడు. పెద్దలిద్దరూ ఒడ్డున చాయ్ తాగుతూ కూర్చుంటే మేం పనిలో పడ్డాం. ఇలాంటి పడవ ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. దీన్ని స్టెర్న్‌డ్రైవ్ అంటారు. ఇంజను లోపలే, వెనక వైపు పెట్టె కింద ఉంటుంది. దాని కాలు మాత్రం బయటికి వచ్చి నీళ్లలోకి దిగుతుంది, నీళ్లను తోసే పంకా ఆ కాలికే ఉంటుంది. తేలికపాటి పడవ కాబట్టి వేగం అందుకోగానే నీళ్ల మీదికి తేలిపోతుంది, అల చచ్చిపోతుంది. వెనక భాగం నీళ్లలోకి దిగితేనే నీళ్లు పక్కలకు తోసుకుని గట్టులా లేస్తాయి. అంటే వెనక బరువు కావాలి. ఇందుకోసమే నీళ్ల సంచులు అమ్ముతారు, ఖరీదు చూసి కళ్లు తిరిగాయి. మేం మన ఇళ్లలో తాగునీళ్లు వచ్చే ఇరవై లీటర్ల క్యాన్లు ఎనిమిది నింపి, మూతలు బిగించి, తాళ్లతో కట్టేశాం.

మొదట అన్నీ వెనకే పెట్టాం. పడవ ముక్కు ఆకాశంలోకి లేచి కూర్చుంది, రఘుకు ముందేముందో కనిపించలేదు. రెండు క్యాన్లు మధ్యకు జరిపాం. ఆ తర్వాత ఇంజను కాలును బటన్ నొక్కి చిటికెడు పైకి లేపితే వెనక భాగం ఇంకాస్త దిగబడింది. మరీ లేపితే పడవ కప్పలా గెంతుతుంది, అది కూడా చూశాం. వేగం గంటకు ముప్పై కిలోమీటర్ల దగ్గర నిలిపాం. అంతకంటే పెంచిన కొద్దీ అల చదునైపోతోంది. తాడు పొడవుగా ఉంటే నేను అల చెదిరిపోయే చోట ఉంటున్నానని దాన్ని కొంచెం కుదించాం. యూసుఫ్‌ను వెనక్కి తిరిగి కూర్చోబెట్టి, నేను పడితే చెయ్యెత్తి రఘుకు చెప్పమన్నాం. లాగేవాడు ముందుకు చూడాలి, ఇంకొకరు ఎప్పుడూ వెనక్కి చూడాలి, ఇందులో మినహాయింపు లేదు.

నాలుగో విడతలో నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. ఆ రెండు గట్లు నున్నగా, అంచున నురగ లేకుండా, మోకాలెత్తు లేచి నా కోసమే వస్తున్నాయి. పక్కకు జారి, ఒకదాని మీదికి దూసుకెళ్లి లేచాను. రెండో గట్టు దాకా అందలేదు, మధ్యలోనే పడ్డాను. అయినా గాల్లోకి లేచాను. ప్రాణం లేచొచ్చింది. పెద్దల్ని పిలవమని రఘుకు సైగ చేశాను.

కథ అక్కడే అడ్డం తిరిగింది. పడవ ఎంత బరువు మోయాలో దాని మీద రాసే ఉంటుంది, దాన్ని దాటకూడదు. ఇద్దరు నిండైన మనుషులు ఎక్కుతున్నారు కాబట్టి యూసుఫ్ దిగాడు, క్యాన్లు చాలావరకు దించేశాం. వచ్చేవాళ్లు వెనక కూర్చుంటే సరిపోతుందనుకున్నాం. పడవకు ముందు భాగంలో మెత్తని సీట్లు రెండున్నాయి. మామ నేరుగా ఓదెలు గారి చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు, ఆయన వదలక మామను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మా దగ్గర వియ్యంకుడిని వెనక కూర్చోమనడం అంటే విస్తరి లాగేసినంత పని. రఘు నా వైపు చూశాడు, నేను రఘు వైపు చూశాను. వెనక్కి రమ్మని అడగకుండానే నేను తాడు పట్టుకుని నీళ్లలోకి దిగాను. రఘు అద్దాన్ని నా వైపు సర్దుకుని, ఓదెలు గారిని వెనక్కి చూస్తూ ఉండమని బతిమాలాడు. ఆయన సరేనన్నాడు.

పడవ కదిలింది. అల లేదు. ముక్కు నీళ్లను దున్నుకుంటూ పోతోంది, వెనక నా ముందు నురగే నురగ. ఎగరబోయి బొక్కబోర్లా పడ్డాను. ముక్కులోకి నీళ్లు పోయి కళ్లు మండాయి. రెండోసారీ అంతే. అద్దంలో చూసి రఘు ఇంజను ఆపి, నా దగ్గరికి తిప్పుకొచ్చాడు. పెద్దలిద్దరూ మిర్చి ధర గురించి మాట్లాడుకుంటున్నారు. మామ మెడ తిప్పి, "ఎగిరినవా బిడ్డా? మాకేం కనవడలే" అన్నాడు. ఎగరలేదన్నాను. "ఇగ సాలు. ఒడ్డుకు తిప్పురా రఘూ" అన్నాడు. రఘు తల దించుకుని స్టీరింగ్ పట్టుకున్నాడు. వాడి మెడ వెనక ఎండకు కమిలిన ఎర్రటి గీత కనిపించింది, మిల్లు పని లేని రోజల్లా ఈ ఏడాది ఈ నీళ్ల మీదే గడిపాడు వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మామ మీద కాదు, మర్యాద పేరుతో నోరు మూసుకున్న నా మీద. నీళ్లలో తేలుతూనే చెప్పేశాను.

"మామా, మీ ఇద్దరి బరువు ముందట పడితే అల సచ్చిపోతుంది. మీరు గా ముందటి సీట్ల కూసున్నంతసేపు నేను ఎగరలేను. ఎగిరినా మీకు కనవడదు."

రఘు ముఖం తెల్లబోయింది. మామ నన్ను, ముందు సీటును, చివరికి వెనక క్యాన్ల పక్కనున్న బల్లను చూశాడు. వియ్యంకుడి ముందు పరువు తీశానని తిడతాడనుకున్నాను. మామ లేచి, సీట్లు పట్టుకుంటూ నడిచివెళ్లి ఆ బల్ల మీద కూలబడ్డాడు. పడవ వెనక భాగం ఒక్కసారిగా కిందికి దిగింది. ఓదెలు గారు లేచి నిలబడ్డాడు.

"మీరు ఎనుకకు పోతే నేను ముందట ఎట్ల కూసుంట బావా?" అని ఆయనా వెళ్లి పక్కన కూర్చున్నాడు.

నేను చెప్పింది మామకే, ఇద్దరూ వచ్చారు. ఇద్దరూ ఒకే పక్కన కూర్చోవడంతో పడవ ఒరిగింది. అప్పుడు రఘుకు ధైర్యం వచ్చింది. జర ఒకరు ఇటు, ఒకరు అటు కూర్చోమని తండ్రికే చెప్పాడు. ఇద్దరి ముఖాలూ ఇప్పుడు నా వైపే ఉన్నాయి.

తాడు బిగుసుకుంది. లేచి నిలబడ్డాను. పొద్దుటి గట్లే, కాదు, ఇంకా పెద్దవి. పక్కకు వెళ్లి, మోకాళ్లు వంచి, అల అంచుకు రాగానే లేచాను. కింద పడవ గీసిన తెల్లటి దారి మొత్తం కనిపించింది. రెండో గట్టు వెనక వాలు మీద పలక మెత్తగా తాకింది. పడలేదు. నిలబడే ఉన్నాను. గొంతు చించుకుని అరిచాను, ఏమరిచానో నాకే తెలియదు. మామ సీట్లోంచి సగం లేచి, రెండు చేతులూ ఎత్తాడు. ఎవరైనా పడితే చెయ్యెత్తమన్న సైగ అది. నేను పడ్డానేమోనని రఘు కంగారుగా ఇంజను ఆపేశాడు, తాడు వదులై నిజంగానే మునిగాను.

పడవ దగ్గరికి రాగానే మామ వంగి, "ఇంకోపారి ఎగురు బిడ్డా. ఓదెలు బావ సక్కగ సూడలేదంట" అన్నాడు. ఓదెలు గారు బ్రహ్మాండంగా చూశానన్నాడు, మామ వినిపించుకోలేదు. మరో నాలుగుసార్లు ఎగిరాను, రెండుసార్లు పడ్డాను.

ఒడ్డు దగ్గరే చేపల పులుసు వండిపెట్టే లచ్చక్క దగ్గర జొన్న రొట్టెలతో తిన్నాం, మనిషికి నూటయాభై. పొద్దున్నే ఫోన్ చేసి చెబితే సరిపోతుంది. కేకలు ఆమెదాకా వినిపించాయట, ఎవరన్నా మునిగారా అని అడిగింది. మేం తింటుండగానే నాందేడ్ నుంచి ఫోన్ వచ్చింది. రఘు తినడం ఆపేశాడు. మామ తీరిగ్గా ముల్లు తీసుకుంటూ, "పడవ ఇయ్యం. ఎనుక సీటు నాదైంది" అని పెట్టేశాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ముందు సీటు దగ్గర మళ్లీ అదే పంచాయితీ, శ్రీరాంపూర్‌లో ఓదెలు గారు దిగేదాకా. నాకు మాత్రం ఈసారి నవ్వు రాలేదు, ముచ్చటేసింది. ఆ మర్యాదే మా అలను చంపింది, ఆ మర్యాదే ఒకరి వెంట ఇంకొకరిని వెనక్కి తెచ్చి దాన్ని లేపింది. ఏడాదిగా రఘు ఏం చేస్తున్నాడో మామకు తెలియకపోవడానికి కోపమో మొండితనమో కారణం అనుకున్నాను. నిజానికి ఆయన్ను ఎక్కడైనా ముందే కూర్చోబెడతాం, పడవలో ముందు నుంచి చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు.

మీరు కూడా ఇలాంటి పడవతో బయల్దేరితే ఒక్కటి గుర్తుంచుకోండి. లైఫ్ జాకెట్లు అందరికీ వేసి, మనిషి నీళ్లలో పడవకు దగ్గరగా ఉన్నప్పుడు ఇంజను పూర్తిగా ఆపేసి, బరువు హద్దు దాటకుండా క్యాన్లు సర్దుకున్నాక, మీతో వచ్చిన అందరికంటే పెద్దమనిషిని వెనక, తాడు పట్టుకున్నవాళ్లకు ఎదురుగా కూర్చోమని పడవ ఎక్కకముందే అడగండి. నాలాగా నీళ్లలో మునిగాక కాదు.