సారు ఎదురుచూసిన జవాబు

కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే సారు కూతురు ఫోన్ చేసింది. "అన్నా, బాపు పొద్దున పోయిండు" అన్నది. పని వదిలి, కల్లం అంచున కూర్చున్న మా నాయన దగ్గరికి నడిచాను.

మా నాయన సంగతి కలపకుండా మీకు సారు గురించి చెప్పలేను.

నెక్కొండ దగ్గర మా ఊరి బడిలో సారు పదకొండేళ్లు పాఠాలు చెప్పారు. హన్మకొండకు బదిలీ అయ్యాక నవలలు రాశారు. పాత పరీక్ష పేపర్ల వెనకవైపు రాసేవారు. నేను చూడబోయినప్పుడు, రాసిన మాటను పైకి చదివి నా మొహం చూసేవారు. "ఇట్ల మీ ఊళ్లె ఎవరన్న మాట్లాడుతరారా? రేడియోల మాట్లాడినట్టున్నది" అని ఆయనే కొట్టేసేవారు.

ఆ నవలల్లో ఒకటి మా ఊరిదే. దొర ఉన్న రోజుల్లో కోటలాంటి ఆయన ఇల్లు, గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విడిచి చేతపట్టుకునేవారు. రైతుకూలీల సంఘం వచ్చింది. దొర పట్నం పోయాడు. ఊరంతా చెప్పులతో గడీ ముందు నడిచిన రోజు అందరికన్నా ముందు నడిచింది మా నాయన. ఆ తర్వాత పంచాయితీలు మా అరుగు మీదే జరిగేవి. ఏడాది తిరగకముందే ఒక ముసలాయన మా ఇంటి ముందు చెప్పులు విడిచి చేతపట్టుకుని పోయాడు. తర్వాత మరికొందరు. విడవమని నాయన ఎవరికీ చెప్పలేదు. తొడుక్కొమ్మని కూడా అనలేదు. మా ఇంటి ఎదురుగానే బడి. సారు కిటికీలోంచి అంతా చూశారు. నవల అక్కడే ముగుస్తుంది.

పుస్తకం వచ్చినప్పుడు నాయన నాతో చదివించుకున్నాడు. ఆ పేజీ దగ్గర, "నీ సారు పాఠాలు చెప్తాండనుకున్న. కిటికీల కూసోని మా కాళ్లు చూస్తాండా?" అని లేచి పోయాడు. మళ్లీ సారు పేరు ఎత్తలేదు.

నేను హన్మకొండ పోయినప్పుడల్లా సారు టీ సాసర్లో పోసుకుంటూ అడిగేవారు.

"మీ నాయిన ఏమన్న అన్నడా?"

"ఏమనలే సార్." కిటికీ మాట ఆయనకు చెప్పలేకపోయేవాణ్ని.

"తిట్టనన్న తిట్టలేదా?"

"లే సార్."

"తిడితె మంచిగుండురా."

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అంత కష్టపడ్డ సంఘం ఉత్తదేనా సార్?"

ఆయనకు కోపం వచ్చింది. "ఎవడన్నడు? గడీ ముందల మల్ల ఎవడన్న చెప్పులు ఇడిసిండా? అది చిన్న పనారా?" తర్వాత మెల్లగా అన్నారు. "దొరను ఎల్లగొట్టొచ్చు. ఎవడన్న మన ముందల వంగితె లోపల జర తియ్యగుంటది చూడు, దాన్ని ఎల్లగొట్టుడు ఎట్లనో నాకు తెలువది. నేను క్లాసుకు వస్తె మీరంత లేసి నిలబడేటోళ్లు. కూసోండ్రి అనేటందుకు నేను జర ఆలస్యం చేసేటోన్ని. మీ నాయిన మీద రాసిన అనుకున్నరు. నన్ను చూస్కుంట రాసిన. అయినా ఆయన లోపల ఆ దినం ఏమున్నదో నాకేం ఎరుక? ఆయన చెప్పాలె."

కిందటి నెల దవాఖానలో, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "మీ నాయినను ఒక్కసారి తీస్కరా" అన్నారు.

నాయనకు చెప్పాను. "మిర్ప కోత కానీ" అన్నాడు. కోత అయింది. "కల్లం ఎత్తినంక పోదాం" అన్నాడు. ఎనభై ఏళ్ల మనిషిని బలవంతంగా బండెక్కించలేను. నాయన ఇట్లా అన్నాడని సారుకు ఒక మంచి మాట కల్పించి చెప్పే ధైర్యమూ చాలలేదు. ఇన్నేళ్లూ ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరగడం తప్ప నేను చేసిందేమీ లేదు.

కల్లం అంచున సారు పోయిన కబురు విని నాయన ఒక మిరపకాయను వేళ్ల మధ్య తిప్పసాగాడు. కాయ చిట్లి గింజలు రాలాయి. "బండి తియ్" అన్నాడు.

హన్మకొండలో సారు ఇంటి గల్లీ మొదట్లోనే టెంటు వేశారు. బండి ముందుకు పోలేదు. ఇల్లు ఇంకా ఇరవై ఇళ్ల అవతల ఉంది. ఎండ ముదిరి సిమెంటు రోడ్డు కాలుతోంది. నాయన బండి దిగి అక్కడే చెప్పులు విడిచాడు. వంగి, రెండూ ఒక చేత పట్టుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా నడవసాగాడు.

తొడుక్కో నాయినా అనాలనుకున్నాను. అనకుండానే ఆయన వెనక నడిచాను. కాలుతున్న కాళ్లతో ఆయన అడుగులు పొట్టిగా పడుతున్నాయి. చెప్పులు చేతిలో ఊగుతున్నాయి.