నిండుకున్న బేటరీ

పోయిన ఆదివారం పొద్దున్న బీరువా సర్దుతూంటే, మా ఆవిడ పట్టుచీరల అడుగున చేతిరుమాల్లో చుట్టిపెట్టిన నా పాత ఆర్గనైజర్ కనబడింది. నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజుల్లో, అరచేతిలో పట్టే డైరీ అంటూ, తెర మీద చిన్న ప్లాస్టిక్ పుల్లతో రాసుకునే వస్తువొకటి వచ్చేది, అదన్నమాట. ఊరికే మీట నొక్కి చూద్దును కదా, ఇరవై ఏళ్లు దాటిన ఆ ముసలిది టక్కున కళ్లు తెరిచింది. ఆ రోజుల్లో వస్తువంటే వస్తువేనని, చేసినవాడి చేతికి దండం పెట్టాలని, అక్కడే నిలబడి ఇల్లంతా వినబడేలా ఉపన్యాసం ఇచ్చాను. వంటింట్లో మా ఆవిడ తన పోపు తను వేసుకుంది.

దాన్ని విశాఖపట్నంలో కొన్నాను. చీపురుపల్లిలో మాది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు, మాటల కంటే ముందు బేరం వచ్చినవాణ్ణని నాకు చిన్నప్పట్నించీ ఓ గర్వం. ఆ షాపువాడు చెప్పిన ధరకి సగం అడిగి, వాడు నవ్వితే, మా ఇంటి విద్య ప్రకారం మెట్లు దిగి, వెనక్కి పిలుస్తాడు కదా అని వీధి చివరిదాకా మెల్లగా నడిచాను. పిలవలేదు. ఓ టీ తాగి, నా అంతట నేనే తిరిగొచ్చి, అడిగినంతా ఇచ్చి, పరువు కోసం ఓ చేతిసంచి ఊరికే అడిగి పుచ్చుకున్నాను. ఇంట్లో మాత్రం సగానికే తెచ్చానన్నాను. నాన్న ఆ వస్తువుని అటూ ఇటూ తిప్పి చూసి, తర్వాత నన్ను చూసి, ఆ చేతిసంచి మాత్రం మడిచి దాచుకున్నారు. ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది.

అందులో తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకోవాలి. మొదట్లో సరుకుల పేర్లు ఎక్కించేవాణ్ణి. తర్వాత్తర్వాత, కొనడానికి వచ్చిన మనిషి మెట్లు దిగి వెళ్లాక, ఆ మనిషి గురించి నాన్న నాకు చెప్పే మాటలు ఎక్కించడం మొదలెట్టాను. ఎవరు దేనికి మెత్తబడతారో, ఎవరి దగ్గర నోరు మూసుకోవాలో ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు, అంతా నోటిమీదే. ఒరే, ఆ పుల్లతో ఏటి గీకతన్నావు, పళ్లు కుట్టుకోడానికా అని నవ్వేవారు. ఆయన పోయారు, కొట్టు ఎత్తేశాం, నేను వేరే ఉద్యోగాల్లో పడ్డాను. ఆ మాటలున్న చోటు లోకం మొత్తమ్మీద ఈ అరచేతి పెట్టె ఒక్కటే. దానికేమో తెర మీద అప్పటికే గీతలు పడుతున్నాయి, సగం మీటలు పలకడం లేదు. ఉన్నదంతా కంప్యూటర్లోకి దించేయాలి, ఇప్పుడే దించేయాలి అని చిన్నపిల్లాడిలా గంతులేశాను.

ఎచ్చెర్లలో ఉండే మా బావమరిదికి పాత యంత్రాలు విప్పి బిగించడమే రిటైర్మెంటు. ఫోన్ చేస్తే మధ్యాహ్నం భోజనానికే, సంచీ నిండా వైర్లతో దిగాడు. పాత పెట్టె వైరు తోకకి తొమ్మిది సూదులు, కొత్త కంప్యూటర్‌కేమో అలాంటి కన్నమే లేదు. పెళ్లిసంబంధం లాటిది బావా, మధ్యవర్తి లేనిదే కుదరదు అంటూ నడుమ ఓ బుల్లి వైరు తగిలించాడు. కంప్యూటర్ రెండుసార్లు మొహం తిప్పుకుని మూడోసారి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక, ఎవరిది ఎవరిలోకి ఎక్కించాలని అడిగింది. తప్పు నొక్కితే కంప్యూటర్లో ఉన్న ఖాళీ వచ్చి నాన్న మాటల మీద కూర్చుంటుందట. నన్ను పక్కకి జరిపి వాడే నొక్కబోతూ, తల తిప్పకుండానే, బేటరీ ఎలాగుంది అనడిగాడు.

ఇక్కడ మా కొట్టు భాష గురించి ఓ మాట చెప్పాలి. మా ఇంట్లో ఏ వస్తువునీ అయిపోయిందని గానీ ఖాళీ అని గానీ అనకూడదు. లక్ష్మి వింటుంది. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, అది అందరూ అనేదే. మేం ఉప్పు, నూనె, గోడకి కొట్టే మేకులు, అన్నీ నిండుకున్నాయనే అంటాం. తెర మూల బేటరీ బొమ్మలో సన్నటి గీత ఒకటే మిగిలి ఉండడం చూసి, అలవాటు కొద్దీ నిండుకుంది అన్నాను. వాడు హాయిగా నొక్కేశాడు.

సగం దారిలో అది కీచుమంది, తెర మసకబారింది. దాని జ్ఞాపకమంతా లోపలి రెండు సెల్స్ మీదే ఉంటుందని, అవి చచ్చాయంటే ఉన్నదంతా తుడిచిపెట్టుకు పోతుందని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"నిండుకుందన్నావు కదా బావా?"

"నిండుకుందనే కదరా అన్నాను."

"ఖాళీ అని సెప్పొచ్చు కదా."

"కొట్లో పుట్టిన మనిషిరా ఆయన, ఖాళీ అంటే నోరు పడిపోద్ది," అంటూ మా ఆవిడ పోపులపెట్టె వెనకనుంచి రెండు కొత్త సెల్స్ పట్టుకుని వచ్చింది. పెట్టె తిరగేసి, బొటనగోటితో మూత లాగి, ఒకటి తీసి ఒకటి పెట్టి, రెండోది తీసి రెండోది పెట్టింది. మేమిద్దరం తెర మీదకి వంగాం. తెర తేటపడింది, అన్నీ ఉన్నాయి.

అది కొత్తగా చేసిన చెయ్యి కాదు. ఏటే ఇది అంటే, తలెత్తకుండానే చెప్పింది.

"సెల్సు పోతే మావయ్య మాటలు పోతాయని మీరే కదా సెప్పినారు. మూడు నెల్లకోసారి మారస్తన్నాను."

అన్నేళ్లుగా కిరాణా చీటీలో సెల్స్ రాసిస్తూంటే, మా గోడగడియారమే తినేస్తోందని తిట్టి రెండు గడియారాలు మార్చిన బేరగాణ్ణి నేను.

రెండోసారికి మొత్తం దిగింది. ముగ్గురం పెద్ద తెర ముందు కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. నేను చదువుతూంటే నాన్న గొంతు నా నోట్లోంచే వస్తోంది. సాలూరు లారీల ఆయన ఏ బిందెకి ఎక్కువ వంకలు పెడతాడో అదే పట్టుకెళ్తాడట. చేపలమ్మే పెద్దమ్మ గిన్నెని వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు మనం మాటాడకూడదట. నవ్వీ నవ్వీ మా బావమరిదికి పొలమారింది. చిట్టచివర పొందూరు వైపునుంచి వచ్చే ముసలి రైతు గురించి ఉంది: "ఈయనకి సెంబు అక్కర్లేదురా. ఇంటావిడ పోయింది, మాటాడ్డానికి మనిషి లేడు. బేరం బేగి తెగ్గొట్టీకు."

బేగి అంటే మాకు తొందరగా అని, తెగ్గొట్టీకు అంటే తేల్చేయకు అని. ఆ ముక్క మా ఆవిడ ఇంకోసారి చదివించుకుంది.

ఇప్పుడా మాటలు కంప్యూటర్లో ఉన్నాయి, మా బావమరిది మరో రెండు చోట్ల దాచాడు, ఇక సెల్స్‌తో పనిలేదు. వస్తువులు కూడా ఫోన్లో వేలితో నొక్కితే గుమ్మంలోకి వస్తున్నాయి. ధర ముందే రాసి ఉంటుంది, నేనూ నోరెత్తకుండా కొనేస్తున్నాను, బాగానే ఉంది. కానీ ఎవరైనా ఓ ముసలాయన అక్కర్లేని చెంబు కోసం మధ్యాహ్నమంతా బేరమాడాలనుకుంటే, ఈ రోజుల్లో ఏ మెట్లెక్కుతాడో నాకు తెలియడం లేదు.