ముందు వరస వంకర సరుగుళ్లు

తిత్లీ తుఫాను వెళ్లిన నాలుగో ఏడు. అక్కుపల్లి ఒడ్డున పెంచుతున్న సరుగుడు తోటలో ఏ చెట్లు గాలికి పడతాయో అంచనా వేసే పని అటవీశాఖలో నాకు అప్పగించారు. పడేలా ఉన్నవాటికి ఎర్ర రంగుతో గుర్తు పెడితే, తర్వాత కూలీలు వచ్చి నరుకుతారు. మేం దీన్ని రిస్క్ మార్కింగ్ అంటాం.

చేతిలో ఫారం, మెళ్లో టేపు. చెట్టు ఒరిగితే ఒక టిక్కు, వేళ్లు ఇసక మీదకు తేలితే ఇంకో టిక్కు. సముద్రం వైపు ముందు వరస చెట్లన్నీ పాతవి, పొట్టివి, వంకరవి. నా ఫారం ప్రకారం ఒక్కటీ బతికి బట్టకట్టేది కాదు. తుఫాను తర్వాత నాటిన వెనక వరసలు మాత్రం నిటారుగా, చూడముచ్చటగా ఉన్నాయి. ముందు వరసంతా హుషారుగా ఎర్రగా పూసేశాను.

సరుగుళ్ల వెనకే దాలమ్మ జీడితోట. తుఫానుకు పాత చెట్లు పోతే అంట్లు నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచింది. ఈసారి తొలికాపు వస్తుందని ఆశతో ఉంది. నా రంగు డబ్బా చూసి ఆగింది.

"ఏటి బాబూ, ఈ వొంకరయ్యి కొట్టేత్తారా?"

"పడిపోతాయమ్మా. పడితే నీ జీడికే నష్టం."

"అంత తుపానుకే పడనేదు, ఇప్పుడు పడతాయేటి? అప్పుడు ఎనకవే ఇరిగి నా సెట్ల మీద పడ్డాయి. ఇయ్యి గాలికి అలవాటు పడ్డాయి బాబూ."

లెక్కలుంటాయమ్మా అని నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సగం వరస నరికాక వానలు పట్టుకుని పని ఆగింది. ఆ వారంలోనే గాలివాన వచ్చింది, తుఫాను కూడా కాదు. మర్నాడు వెళ్లి చూస్తే, నరికిన మేర వెనకనున్న నిటారు చెట్లు వేళ్లతో సహా లేచి దాలమ్మ జీడి మీద పడి ఉన్నాయి. నరకనిచోట ఒక్కటీ పడలేదు. చిన్నప్పటినుంచి గాలి తగిలిన చెట్టుకు మొదలు లావెక్కుతుంది, వేళ్లు గట్టిపడతాయి. అంచు చెట్లు తీసేస్తే గాలి ఎరగని లోపలి చెట్లు దెబ్బతింటాయి. ఎడ్జ్ ఎఫెక్ట్ అంటారు. పరీక్షలో రాశాను కూడా.

దాలమ్మ విరిగిన కొమ్మల మధ్య కూర్చుని ఉంది. తప్పు నాదేనమ్మా అన్నాను. తిడుతుందనుకున్నాను.

"మిగిల్నయ్యైనా ఉంచుతావా బాబూ?" అంది.

ఆ పూటే మిగిలిన గుర్తుల మీద సున్నం పూశాను. నా అంచనా తప్పని రిపోర్టులో నా చేత్తోనే రాశాను. అప్పటినుంచి ఏ తోటకెళ్లినా టేపు తీసేముందు, ఆ చెట్ల వెనక బతికేవాళ్లను వెతుక్కుని, కిందటి గాలికి ఏవి నిలబడ్డాయని అడుగుతున్నాను.

దాలమ్మకు కొత్త అంట్లు తెచ్చి ఇచ్చాను. ఆ నాలుగేళ్లు మాత్రం తెచ్చి ఇవ్వలేకపోయాను.